రెండు చుక్కలు, ఒక కొక్కెం

స్టూడియో, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మార్చి 3

మామయ్యకి,

గుండీ రాస్తున్నాను. నాలుగేళ్లప్పుడు నీ లాండ్రీలో ఎవరిదో చొక్కా గుండీ మింగిన పాపానికి ఇరవై ఆరేళ్లొచ్చినా ఆ పేరు నన్ను వదలడం లేదు. నువ్వు ఎలాగూ అలాగే పిలుస్తావు కాబట్టి నేనే ముందు రాసేసుకుంటున్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ ముప్పై ఏళ్లు వాషింగ్ మెషిన్ల మోత విని నీ చెవులు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి. పోయినసారి ఫోన్లో నేను అరిచిన అరుపులకి పక్కింటావిడ ఏం గొడవో అని తలుపు కొట్టింది. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, రెండేళ్లు ఇతరుల బొమ్మలకి నీడలు వేశాక ఇప్పటికి నాకంటూ ఒక షాట్ ఇచ్చారు. పిల్లల సినిమా. అందులో ఒక పాప దగ్గర ఆకుపచ్చ గొడుగు ఉంటుంది. చిరిగినచోట వాళ్లమ్మ పసుపు గుడ్డతో మాసిక వేసి ఇస్తుంది. గాలివానకి ఆ గొడుగు పాప చేతిలోంచి ఎగిరిపోతుంది. దాంతోపాటు ఊళ్లో గొడుగులన్నీ ఎగిరిపోతాయి. ఆకాశంలో ఎనిమిది వందల గొడుగులు. నిమిషంన్నర పాటు పాప తన గొడుగుని కళ్లతో వెంటాడాలి, హాల్లో కూర్చున్నవాళ్లు కూడా.

ఎనిమిది వందల గొడుగుల్ని చేత్తో గీయడం మానవమాత్రుల వల్ల కాదు. మా తెర మీద చిన్న చిన్న పెట్టెలుంటాయి, నోడ్లు అంటాం. వాటిని తీగలతో కలుపుతాం. ఒక పెట్టె గొడుగుల్ని లోపలికి పంపిస్తుంది, ఒకటి గాలి వీస్తుంది, ఒకటి నదిలో పడినవాటిని తీసేస్తుంది, ఒకటి రంగులూ మాసికా వేస్తుంది. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. ఒక బొమ్మలో ఉన్న గొడుగులన్నీ ఈ పెట్టెలు తిరిగి తర్వాతి బొమ్మలోకి వెళ్తాయి. నీ దగ్గర బట్టలు తొట్టిలోంచి మెషిన్లోకి, మెషిన్లోంచి ఆరేసే తీగ మీదికి వెళ్తాయి చూడు, అలాగే. కాకపోతే మేము ఉతికిందే మళ్లీ ఉతుకుతాం.

ఇప్పుడు నా ఏడుపు విను. మాసిక ఒక గొడుగు మీద నిలవడం లేదు. ఎక్కడో ఒక గొడుగు నదిలో పడిందంటే చాలు, పసుపు మాసిక టక్కున ఇంకో గొడుగు మీదికి దూకుతుంది. ఎర్రవి నల్లవవుతాయి, నల్లవి నీలివవుతాయి. నిన్న మా దర్శకురాలు వచ్చి "పాప గొడుగు ఏదీ?" అని అడిగింది. నేను వేలు పెట్టి చూపించేలోపే అది వేరేవాళ్ల గొడుగైపోయింది. ఆవిడ కోప్పడలేదు, అదే భయం. ఏప్రిల్ ఆఖరి శుక్రవారానికి సరిచేయకపోతే ఈ షాట్ తీసేసి మూడే మూడు గొడుగులు చేత్తో గీయించుకుంటానంది. నేను మళ్లీ నీడల గదికి.

నీకు ఇవన్నీ అర్థం కావాలని రాయడం లేదు. ఎవరికైనా చెప్పుకోకపోతే బుర్ర వేడెక్కిపోతోంది. షాపు ఎలా ఉంది? అత్తయ్య ఎలా ఉంది?

గుండీ

లాండ్రీ వెనక గది
మార్చి 9

గుండీకి మామయ్య రాయునది.

షాపు దివ్యంగా ఉంది. మీ అత్తయ్య అంతకన్నా దివ్యంగా ఉంది. ఈ విషయంలో ఇంకేమీ అడగకు.

అర్థం కావాలని రాయడం లేదన్నావు. సంతోషం. అర్థమైంది. నీ కంప్యూటర్ గొడుగుల్ని వరుసలో నిలబెట్టి, ఇది మొదటిది, ఇది రెండోది అని లెక్కపెట్టుకుంటోంది. నువ్వు "మూడు వందల పన్నెండో గొడుగుకి మాసిక వెయ్యి" అన్నావు. పదో గొడుగు నదిలో పడింది. వెనకవాళ్లందరూ ఒక అడుగు ముందుకు జరిగారు. ఇప్పుడు మూడు వందల పన్నెండో చోట ఎవరున్నారు? నిన్నటిదాకా మూడు వందల పదమూడో చోట ఉన్నవాడు. పాపం వాడి నెత్తిన మాసిక పడింది. అవునా, కాదా? నాకెలా తెలుసని మాత్రం అడక్కు.

ఇప్పుడు మన పద్ధతి విను. చిన్నప్పుడు కౌంటర్ కింద కూర్చుని చూసినదానివే, మర్చిపోయినట్టున్నావు. బట్ట కౌంటర్ దాటి లోపలికి రాకముందే కాలర్ లోపల ఉతికినా పోని సిరాతో గుర్తు వేస్తాం. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఆ తర్వాత అది ఏ తొట్టిలో మునిగినా, ఏ దుప్పటితో చుట్టుకుపోయినా, కట్టలో పైనున్నా కిందున్నా మాకు అక్కర్లేదు. కాలర్ తిప్పి చూస్తాం. బట్ట ఎక్కడుందో చూసి ఎవరిదో చెప్పేవాడు లాండ్రీ పెట్టకూడదు.

కాబట్టి గొడుగు పుట్టగానే దాని ఒంటి మీద ఒక నంబరు వెయ్యి. మాసిక వేసే పెట్టెకి చెప్పు, వరుస చూడొద్దు, నంబరు చూడమని. అంతే. దీనికి కంప్యూటర్ చదువు దేనికో నాకు తెలియదు.

మీ మామయ్య

స్టూడియో, అదే బల్ల
మార్చి 20

మామయ్యా,

నీ ఉత్తరం మా దర్శకురాలికి చదివి వినిపించాను. "ఈయన్ని ఉద్యోగంలోకి తీసుకుందామా?" అంది. మూడు వారాల్లో ఆవిడ వేసిన మొదటి జోకు అది. నువ్వు చెప్పిన మాట మా పుస్తకాల్లో కూడా ఉందట. నేను ఆ పేజీ తిప్పేసినట్టున్నాను.

చెప్పినట్టే చేశాను. చేసీ చేయగానే పప్పులో కాలేశాను. నంబరు వేసే పెట్టెని గాలి పెట్టె తర్వాత పెట్టాను. అంటే గొడుగులు తిరిగొచ్చిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా నంబర్లు పడిపోతున్నాయి. ఉతికిన ప్రతిసారీ బట్టకి కొత్త గుర్తు వేసినట్టన్నమాట. నాలుగు రోజులు మాసిక మునుపటిలాగే గంతులేస్తుంటే నిన్ను తిట్టుకున్నాను, క్షమించు. ఐదో రోజు నీ "కౌంటర్ దాటి లోపలికి రాకముందే" అన్న ముక్క మళ్లీ చదివి, ఆ పెట్టెని పట్టుకెళ్లి గొడుగులు మొదట లోపలికొచ్చే గుమ్మం దగ్గర పెట్టాను. కొత్త గొడుగుకి మాత్రమే నంబరు, పాతదాన్ని ముట్టుకోకూడదు. మాసిక నిలిచింది. కుర్చీలోంచి లేచి గదంతా తిరిగొచ్చాను.

ఆ ఆనందం అరగంట. గాలి పెరిగేకొద్దీ కింద ఇళ్లలోంచి కొత్త గొడుగులు పైకి లేస్తాయి. నలభయ్యో సెకనులో చూద్దును కదా, పసుపు మాసిక గొడుగులు రెండు. యాభయ్యో సెకనుకి మూడు. అన్నీ ఆకుపచ్చవే, అన్నీ ఒకటే నంబరు. పాపకి ఒక్కమ్మే ఉందమ్మా అంది దర్శకురాలు, ఇన్ని మాసికలు ఎవరు కుట్టారంది.

ఇంకో మాట. నీ ఉత్తరంలో పేజీకి ఏడే లైన్లున్నాయి. మునుపు పేజీకి ఇరవై రెండు లైన్లు ఇరికించేవాడివి, కాగితం ఎందుకు తగలేయాలని. ఇప్పుడు ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. లైన్లు కూడా కుడివైపుకి కిందికి జారిపోతున్నాయి. ఏమిటి సంగతి?

గుండీ

లాండ్రీ
మార్చి 27

గుండీకి,

అక్షరాలు పెద్దగా రాస్తే చదివేవాళ్లకి హాయిగా ఉంటుందని రాశాను. మంచికి పోతే ఇదీ వరస.

నీ రెండు మాసికల సంగతి. కొత్తగా వచ్చిన గొడుగుకి ఏ నంబరు వేస్తున్నావు? ఆకాశంలో ఎన్నున్నాయో లెక్కపెట్టి, దాని తర్వాతి నంబరు వేస్తున్నావు, అంతేనా? ఎనిమిది వందలు ఉన్నాయనుకో. ఐదు వందలు నదిలో పడ్డాయి. మిగిలినవి మూడు వందలు. అప్పుడు వచ్చినదానికి మూడు వందల ఒకటి. ఇంకో పదకొండు వచ్చేసరికి మూడు వందల పన్నెండు. ఆ నంబరుగలది పైన హాయిగా ఎగురుతూనే ఉంది కదా తల్లీ.

ఇదే తప్పు నేను షాపు పెట్టిన నాలుగో ఏడు చేశాను. ఒక రైల్వే గార్డు బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆయన గుర్తు మూడు గీతలు. ఖాళీగా ఉంది కదా అని కొత్తగా వచ్చిన ఫొటో స్టూడియో ఆయనకి అది ఇచ్చాను. రెండేళ్లకి గార్డు మళ్లీ బదిలీ మీద వెనక్కి వచ్చాడు, అవే పాత చొక్కాలతో. ఒకే గుర్తుతో ఇద్దరి చొక్కాలు, రెండూ తెల్లవే, రెండూ ఒకటే కొలత. ఇద్దరూ కౌంటర్ మీద చేతులు పెట్టి నా మొహంలోకి చూస్తున్నారు. ఆ రోజు నేను తాగిన నీళ్లు అన్నీ ఇన్నీ కావు.

అప్పట్నుంచి ఒకటే నియమం. వెళ్లిపోయినవాళ్ల గుర్తు ఇంకొకళ్లకి ఇవ్వం. ఊరు మారినా సరే, పోయినా సరే. గుర్తుల పుస్తకంలో ఆ పేజీ అలాగే ఉంటుంది. కొత్తవాళ్లకి కొత్త గుర్తే. కాబట్టి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టొద్దు. ఇప్పటిదాకా ఎన్ని వచ్చాయో ఒక మూల రాసుకుంటూ పో. ఆ అంకె పెరగాలే గాని తరగకూడదు.

మీ మామయ్య

గుండీ, నేను అత్తయ్యని. ఈ కవరు అతికించడానికి నాకిచ్చారు, అతికించేముందు చదివాను. ఆ నియమం ఈయన రాతలో చదవడానికి ఎంత బాగుందో. రెండు నెలల నుంచి ఈ షాపులో గుర్తులే వేయడం లేదమ్మా. కాలర్ లోపలి గుర్తు ఈయనకి కనబడడం లేదు. ఆ మాట ఒప్పుకోరు. ఒప్పుకోకుండా ఒక కొత్త పద్ధతి కనిపెట్టారు. కట్టలన్నీ వచ్చిన వరసలో అరమీద పెట్టడం, నీది ఏడోది, నీది ఎనిమిదోది అని చీటీ ఇచ్చి పంపడం. నాకు అరలో ఖాళీ ఉంటే తోచదు. ఒక కట్ట వెళ్లగానే మిగతావి దగ్గరికి జరిపేదాన్ని. నాకు ఈయన పద్ధతి తెలియదు, ఈయనకి నా సర్దుడు కనబడదు. పళ్ల డాక్టరుగారి తెల్లకోటు బేకరీకి వెళ్లింది. బేకరీ ఆయన ఏప్రన్ డాక్టరుగారికి వెళ్లింది. ఆయన చూసుకోకుండా తొడుక్కుని పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా పళ్లు పీకాడు. దాని మీద "వేడివేడిగా తినండి" అని ఉంది. ఆ రోజు నోరు తెరవమని చెప్పాల్సిన పని లేకుండా అందరూ నోరు తెరిచారట. నేను నవ్వుతున్నాను కానీ నాకు బెంగగా ఉంది. నువ్వు చెబితే వింటారు.

స్టూడియో
ఏప్రిల్ 4

మామయ్యా,

అడ్డంగా దొరికిపోయావు. అత్తయ్య రాసింది చదివి పళ్ల డాక్టరు ముక్క దగ్గర కడుపు పట్టుకుని నవ్వాను, ఆ తర్వాత చాలాసేపు కోపం వచ్చింది. నా గొడుగుల జబ్బు ఏమిటో ఒక్క ఉత్తరంతో ఎలా కనిపెట్టావా అని నెల్లాళ్ల నుంచి నిన్ను మెచ్చుకుంటున్నాను. "నాకెలా తెలుసని అడక్కు" అట. ఇంట్లో అదే జబ్బు పెట్టుకుని నాకు మందు రాసిచ్చావు.

కంట్లో శుక్లం వచ్చిందని నాకు అర్థమైంది. కంటి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదు? దాపరికం లేకుండా చెప్పు.

నీ మందు బాగా పనిచేసేలాగే ఉంది. మూలన ఒక అంకె పెట్టాను. అది బొమ్మ నుంచి బొమ్మకి చేతులు మారుతూ పైకే వెళ్తుంది. చిన్న పరీక్షలో, ఇరవై సెకన్లకి, మాసిక ఒక్కటే, ఒక్కచోటే. కానీ మొత్తం నిమిషంన్నర లెక్కకట్టడానికి మా మెషిన్లకి తొమ్మిది రోజులు పడుతుంది. మధ్యలో ఎక్కడైనా తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి చేసే వ్యవధి లేదు. ఒక్కటే అవకాశం. పక్క గదిలో మూడు గొడుగులు గీసే అతను పెన్సిళ్లు చెక్కి సిద్ధంగా పెట్టుకున్నాడు. మంచివాడే, కనబడినప్పుడల్లా జాలిగా నవ్వుతాడు. ఆ జాలి భరించలేకపోతున్నాను.

ఈలోగా గుర్తులు అత్తయ్య చేత వేయించు. పుస్తకంలో చూసి వేస్తుంది, నువ్వు పక్కన కూర్చుని చెప్పు.

గుండీ

లాండ్రీ వెనక గది
ఏప్రిల్ 10

గుండీకి,

నిజం అడిగావు కాబట్టి రాస్తున్నాను. నీ మొదటి ఉత్తరం మీ అత్తయ్య నా చెవి దగ్గర గట్టిగా చదివి వినిపించింది. వరుసలో వెనకవాళ్లు ముందుకు జరుగుతున్నట్టు నాకు కళ్లకి కట్టింది. గొడుగులు కాదు, నా అర. అప్పటిదాకా కస్టమర్లే చీటీలు తారుమారు చేసి తెస్తున్నారని వాళ్లతో పోట్లాడుతున్నాను. ప్రిన్సిపాల్ గారితో కూడా పోట్లాడాను. ఆవిడ తన చీర బదులు వచ్చిన బ్యాండ్ మాస్టరు కోటు తిరిగి ఇవ్వడానికి వచ్చింది పాపం. సిగ్గుతో రెండు రోజులు కౌంటర్ దగ్గర కూర్చోలేదు. నీకు మాత్రం పెద్ద తెలిసినవాడిలా రాశాను.

డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడానికి కారణం భయం. ఇంకేం లేదు. చెవులు ఎలాగూ పోయాయి. కంటి మీద కత్తి పెట్టాక అది కూడా పోతే నేను చేసేదేముంది? గుర్తుల పుస్తకంలో పదిహేడు వందల ఇళ్లు ఉన్నాయి. నేను వేసిన గుర్తు నేనే చదవలేకపోతే ఈ కౌంటర్ దగ్గర నాకు పనేమిటి? ఇప్పుడు మసకగా అయినా కనబడుతోంది కదా అని రోజులు నెట్టుకొచ్చాను.

నిన్నటి నుంచి మీ అత్తయ్యే గుర్తులు వేస్తోంది. చంద్రవంక వెయ్యమంటే అరటిపండు వేస్తుంది. ఇంకేం చేస్తాను, ఆ ఇంటికి ఇక అరటిపండే.

నువ్వు నన్ను నిలదీశావు కాబట్టి ఒక పందెం. నీ గొడుగు మీద మాసిక మొదటి నుంచి చివరిదాకా కదలకుండా నిలిస్తే, నేను వెళ్లి కన్ను చూపించుకుని, డాక్టరు ఏం చెయ్యమంటే అది చేయించుకుంటాను. నిలవకపోతే నన్ను ఇక అడక్కూడదు. మీ అత్తయ్య ఎదురుగా రాస్తున్నాను. ఆవిడ సాక్షి సంతకం కూడా పెడుతుందట.

మీ మామయ్య
సాక్షి: అత్తయ్య. ఇది పందెం కాదు, నీకు బెదిరింపు. మెషిన్లకి దండం పెట్టుకో.

స్టూడియో
ఏప్రిల్ ఆఖరి శుక్రవారం, సాయంత్రం

మామయ్యా, అత్తయ్యా,

కుదురుగా కూర్చోలేక నిలబడే రాస్తున్నాను, అక్షరాలు మామయ్య అక్షరాల్లాగే వస్తున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి చిన్న హాల్లో చూశాం. నీ పందెం పుణ్యమా అని నాకు ఉద్యోగం సంగతి గుర్తే లేదు, నీ కన్నే కనబడుతోంది. దర్శకురాలు ముందు వరసలో కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇరవై సెకన్లు దాటాయి. నలభై దాటాయి. రెండు మాసికలు పుట్టుకొచ్చే చోటు రాగానే కళ్లు మూసుకున్నాను. ఎవరూ ఏమీ అనకపోతే తెరిచాను. ఒక్కటే మాసిక. నది మీద గొడుగులు టపటపా పడిపోతున్నాయి, కొత్తవి లేస్తున్నాయి, ఏ రంగూ కదల్లేదు. చివర్లో పసుపు మాసిక గొడుగు గిరగిరా తిరిగి పాప ఇంటి మెట్ల మీద వాలింది.

దర్శకురాలు లేచి తెర దగ్గరికి వెళ్లి, మళ్లీ వేయమంది. ఈసారి గొడుగు మీద వేలు పెట్టి, నిమిషంన్నరా దానితోపాటు అటూ ఇటూ నడిచింది. చివరికి మెట్ల దగ్గర వేలు ఆపి "ఇదే" అంది. నాకు ఏడుపు వచ్చేసింది. పెన్సిళ్లు చెక్కుకున్నతనే ముందు చప్పట్లు కొట్టాడు.

షాట్ నాదే. నీడల గదికి వెళ్లక్కర్లేదు. ఇక నీ వంతు. సోమవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే నేను వచ్చి నీ కట్టలన్నీ అరమీద అటూ ఇటూ జరుపుతాను.

గుండీ

లాండ్రీ
మే 19

గుండీకి,

ఇది మీ మామయ్య చెబుతుంటే అత్తయ్య రాస్తున్నది. ఆపరేషన్ అయింది. పావుగంట పట్టింది. తానేమీ భయపడలేదని చెప్పమంటున్నారు. నా చెయ్యి చూస్తే తెలుస్తుంది, లోపలికి తీసుకెళ్లేముందు ఈయన పట్టుకున్న పట్టుకి ఇంకా వేళ్ల గుర్తులున్నాయి. ఆ ముక్క రాయొద్దంటున్నారు. రాసేశాను.

కట్టు విప్పగానే ఏం చూశారో అడుగు. నన్ను కాదు. నా మొహం వైపు ఒక్క క్షణం చూసి, పక్క మంచం ఆయన చొక్కా కాలర్ తిప్పి "అరటిపండు, మన షాపుదే" అన్నారు. ఆయన భయపడి నర్సుని పిలిచాడు.

రెండు వారాలు వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, కంటికి నీళ్లు తగలకూడదు. లాండ్రీ మనిషికి ఈ మూడూ లేకుండా ఏం మిగులుతుందని డాక్టర్ని అడిగారు. నోరు మిగులుతుందన్నాడు డాక్టరు. నాకు ఆయన చాలా నచ్చాడు.

అత్తయ్య చేతి రాత, మామయ్య నోటి మాట

స్టూడియో
సెప్టెంబర్ 2

మామయ్యా,

సినిమా వచ్చే శుక్రవారం విడుదల. మీ వీధి చివర హాల్లో కూడా వేస్తున్నారు. ఇద్దరికీ టికెట్లు కవర్లో పెట్టాను. మధ్య వరస, మధ్య సీట్లు.

ఊరికే కూర్చుని చూస్తానంటే కుదరదు. నీకో పని పెట్టాను. అందరూ పసుపు మాసిక వెంట పడతారు, నువ్వు పడొద్దు. మిగతా ఏడు వందల తొంభై తొమ్మిదింటిలో ఒక గొడుగు అంచు లోపల ఒక లాండ్రీ గుర్తు వేశాను. గాలికి గొడుగు తిరగబడినప్పుడే కనిపిస్తుంది. రెండు చుక్కలు, ఒక కొక్కెం. గుర్తుందా? అమ్మ ఆసుపత్రి డ్యూటీలకి వెళ్లి నన్ను నీ దగ్గర వదిలినన్నాళ్లూ నా గౌన్ల మీద నువ్వు వేసిన గుర్తు. ఇంట్లో పిల్ల గౌనుకి గుర్తెందుకని అత్తయ్య అడిగితే, కౌంటర్ దాటినదేదైనా గుర్తు లేకుండా తిరగకూడదన్నావు. అమ్మకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి మేం వెళ్లిపోయి పదిహేనేళ్లయింది. ఆ కొక్కెం ఈపాటికి ఏ బేకరీ వాళ్లకో ఇచ్చేసి ఉంటావు. అయినా నాకు అదే చేతికి వచ్చింది.

అది ఎటు పోతుందో నేను నిర్ణయించలేదు. గాలి పెట్టె ఎటు తోస్తే అటు పోయింది. దొరికితే రాయి.

గుండీ

లాండ్రీ కౌంటర్
సెప్టెంబర్ 13

గుండీకి మామయ్య రాయునది.

ఈ పేజీలో లైన్లు లెక్కపెట్టుకో. ఇరవై మూడు.

చూశాం. ఎనిమిది వందల గొడుగులు ఒక్కసారి లేచేసరికి మొదట నాకు కళ్లు తిరిగాయి. మీ అత్తయ్య బుద్ధిగా పసుపు మాసికని చూస్తూ కూర్చుంది. ఆ వరసలో పిల్లలందరూ వేళ్లు చాపి దాన్ని వెంటాడుతున్నారు. ఒక్కడి వేలు కూడా తప్పు గొడుగు మీదికి పోలేదు. నీ షాట్ సంగతి అక్కడే తేలిపోయింది.

నేను అంచులు చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లు కాలర్లు తిప్పి చూసిన కన్ను. అరనిమిషం దాటాక ఒక బూడిదరంగు గొడుగు గాలికి వెనక్కి తిరగబడింది. రెండు చుక్కలు, ఒక కొక్కెం. నా గొంతు ఎంత పెద్దదో నాకు వినబడదు కదా, "అదిగో మన పిల్ల" అన్నానట. హాలంతా మా వైపు తిరిగి చూసిందట. మీ అత్తయ్య ఇప్పటికీ మన వీధిలోంచి తలవంచుకునే నడుస్తోంది.

ఆ గొడుగు నదిలో పడలేదు. గోపురం గడియారం పక్కనుంచి పోయి ఎడమవైపు అంచు దాటి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అందరూ పాప ఇంటి మెట్లు చూస్తుంటే నేను ఆకాశంలో తిరగబడిన ప్రతి కొత్త గొడుగు లోపలా చూస్తూనే ఉన్నాను, దీపాలు వెలిగేదాకా. ఇంకే గొడుగు మీదా ఆ గుర్తు వేయలేదు నువ్వు. నేను చెప్పిన మాట విన్నావు.

ఇంటికి రాగానే పుస్తకం తీశాను. ఇప్పుడు నేనే చదువుకోగలను. నీ పేజీ నలభై మూడు. రెండు చుక్కలు, ఒక కొక్కెం, కింద "గుండీ, గౌన్లు నాలుగు, స్వెటర్ ఒకటి" అని నా చేతి రాత. నువ్వు వెళ్లాక పదిహేనేళ్లలో వెయ్యికి పైగా ఇళ్లు వచ్చాయి. వేయడానికి తేలికైన గుర్తులన్నీ అయిపోయి ఇప్పుడు సుడులూ మెలికలూ వేస్తున్నాం. ఆ కొక్కెం ఇవ్వమని మీ అత్తయ్య ఎన్నిసార్లు పోరిందో. పళ్ల డాక్టరుగారు స్వయంగా అడిగారు. ఇవ్వలేదు. అది ఇంకా మన ఇంట్లోనే ఉన్నవాళ్లదని చెప్పాను.

డిసెంబరులో సెలవు దొరుకుతుందన్నావట అత్తయ్యతో. వచ్చేటప్పుడు మాసిన బట్టలు అక్కడ ఉతికించుకోకుండా ఇక్కడికే తెచ్చుకో.

మీ మామయ్య